గోడ తోట ఎండిపోతోందా? ముందు నీళ్ల దారి చూడండి

రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో పెద్ద షాపింగ్ కాంప్లెక్సులూ హోటళ్లూ ముందు గోడకు తోట, పైన స్లాబ్ మీద పచ్చిక పెట్టించుకుంటున్నాయి. కడియం నర్సరీలు దగ్గరే కాబట్టి మొక్కకు కొదవ లేదు. చిక్కు కూడా అక్కడే ఉంది. గోడకు బిగించిన మొక్కల ప్యానెల్ ఒకటి ఎండగానే సూపర్‌వైజరు ఫోన్ కొట్టి కొత్త మొక్కలు దింపించేస్తాడు. కొన్నాళ్లకు అవీ పోతాయి. తప్పు ఎక్కువసార్లు మొక్కది కాదు, నీళ్లు వచ్చే దారిదో పోయే దారిదో అయి ఉంటుంది.

పై వరసలు ఎండుతున్నాయి, కింది వరసలు కుళ్లుతున్నాయి

పైన ఒకే డ్రిప్ లైను వేసి, పొద్దున ఒకసారి చాలాసేపు నీళ్లు వదలడమే దీనికి కారణం. నీళ్లన్నీ జారి కిందికి చేరతాయి. మీటరు, మీటరున్నర ఎత్తుకొక లైను వేయించండి. ఒకేసారి అరగంట వదిలే బదులు నాలుగైదు నిమిషాల చొప్పున రోజులో పలుమార్లు వదలండి. అట్టడుగు లైనుకు తక్కువసేపు చాలు.

నిలువు చారలా ఒక్క వరసే ఎండింది

ఇది డ్రిప్పర్ (లైనులోంచి నీళ్లు చుక్కలుగా వదిలే ముక్క) మూసుకుపోవడం. ఒకదాన్ని పీకి బ్లేడుతో చీల్చి చూడండి. లోపలి సన్నని దారిలో తెల్లగా సున్నంలా గరగరలాడితే అది బోరు నీళ్ల కాఠిన్యం. జిగురుగా పచ్చగా ఉంటే నాచు. సున్నమైతే సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లు లైన్లో రాత్రంతా నిలిపి, పొద్దున చివరి మూతలు తీసి కడిగేయాలి. ఆ నీళ్లు మొక్కల మీదికి పోనివ్వకండి. నాచైతే ట్యాంకుకు వెలుతురు తగలకుండా మూత పెట్టి, తెల్ల పైపు ఉంటే నల్లది వేయించండి. ఫిల్టరు వారానికోసారి కడగని చోట ఏ డ్రిప్పరూ నిలవదు.

ఏప్రిల్, మే నెలల్లో ఆకు అంచులు మాడుతున్నాయి

అందరూ ఎండ అనుకుంటారు. మన దగ్గర ముందు అనుమానించాల్సింది ఉప్పును. వేసవిలో ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు కట్టేస్తారు. చెరువుల్లో నిల్వ చేసిన నీళ్లు ఊరి తాగుడికే సరిపోవు, బిల్డింగులు బోరు మీద పడతాయి. సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఆ బోరు ఉప్పగా ఉంటుంది. ఎండకు మాడితే ఎండ తగిలే పక్క ఆకు మధ్యలో మచ్చలు పడతాయి. ఉప్పుకైతే ముదురాకుల అంచులు, కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి. మట్టి పైన, ప్యానెల్ అంచున తెల్లటి పొర కడుతుంది.

నీళ్లలో కరిగిన ఉప్పులను పీపీఎంలో, అంటే లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని, చూపే టీడీఎస్ మీటరుతో కొలవండి. 500 లోపైతే నిశ్చింత. 1000 దాటితే ఆ నీళ్లొక్కటే వాడకండి. రొయ్యల చెరువుల దగ్గర వాడే సెలైనిటీ మీటరు తెచ్చి చూస్తే లాభం లేదు. అది లీటరుకు ఇన్ని గ్రాములని చూపిస్తుంది, అందులో సున్నాకు దగ్గరగా కనిపించిన నీళ్లే ఇక్కడ ఆకును కాల్చేస్తాయి. ఇంకో చోటు కూడా చూడండి: ఆర్‌ఓ ప్లాంటు వృథా నీళ్లు. పారబోయడం ఎందుకని గార్డెన్ ట్యాంకుకు కలిపేస్తారు. అందులో ఉప్పు అసలు నీళ్ల కంటే ఎక్కువ. ఆ పైపు వెంటనే విడదీయండి. దాని బదులు ఏసీల నుంచి కారే నీళ్లు పట్టండి. వాటిలో ఉప్పు దాదాపు ఉండదు, పెద్ద బిల్డింగులో బాగానే వస్తాయి, బోరు నీళ్లతో కలపడానికి అక్కరకొస్తాయి. వాన పడ్డాక ఒకసారి మట్టిలోంచి నీళ్లు ధారగా బయటికి పోయేదాకా తడిపితే పేరుకున్న ఉప్పు దిగిపోతుంది.

బోరు బాగానే ఉండీ కొత్త తోటలో ఇలా జరిగితే కొబ్బరిపొట్టు సంగతి చూడండి. కోనసీమలో చవకగా దొరుకుతుంది, మంచిదే, కానీ సరిగ్గా కడగనిదైతే ఉప్పు అందులోనే ఉంటుంది. నింపేముందు నానబెట్టి పిండిన నీళ్లను కూడా టీడీఎస్ మీటరుతో కొలవండి.

వానల్లో మట్టి తడిగానే ఉంది, అయినా మొక్క వాడిపోతోంది

వేర్లకు గాలి ఆడటం లేదు. మేలో పెట్టిన టైమరు అక్టోబరు వాయుగుండంలో కూడా తిరుగుతూనే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. రెయిన్ సెన్సర్ పెట్టండి, లేదా కాలానికొక సెట్టింగ్ రాసి కంట్రోల్ ప్యానెల్ మీద అతికించండి. స్లాబ్ తోటలో అయితే నీళ్లు పోయే జాలీ దగ్గర మట్టి తవ్వి చూడండి. గుడ్డలా ఉండే ఫిల్టరు పొర చిరిగి, మెత్తటి మట్టి దిగి డ్రైనేజీ పొర పూడుకుపోయి ఉంటుంది. పొలం ఒండ్రుమట్టిని పైకెక్కిస్తే ఇది తప్పదు. చేనుకు ఎంత బంగారమైనా స్లాబ్ మీద అది పేస్టులా బిగుసుకుంటుంది. జాలీల చుట్టూ అడుగు వెడల్పు గులకరాళ్లు పోసి, మూత తీసి చూసే పెట్టె ఒకటి ఉంచండి.

కింది అంతస్తు సీలింగులో చెమ్మ

మచ్చ ఉన్న చోటే పైన చిల్లు ఉంటుందని తవ్వకండి. నీళ్లు వాటర్‌ప్రూఫింగ్ పొర కింద పాకి ఎక్కడో దిగుతాయి. ముందు పిట్టగోడ మూల, పైపులు స్లాబ్‌ను దాటే చోట్లు, జాలీ చుట్టూ చూడండి. వాటర్‌ప్రూఫింగ్ మట్టి మట్టానికి 15 సెం.మీ. పైదాకా గోడకెక్కి ఉండాలి. చాలాచోట్ల తర్వాత మట్టి పెంచేసి దాన్ని ముంచేస్తారు. అక్కడ బాగానే ఉంటే, పల్లం వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగానికి నీళ్లు కట్టి, ఒక్కోదానికి ఒక రోజు ఆగి కింద చూడండి. ఇందుకు ఓపిక కావాలి, తొందరపడితే ఏదీ తేలదు. తారు షీటు ఒక్కటే వేసి వేర్లను ఆపే పొర వేయకపోతే వేర్లు దాన్ని చీల్చుకుపోతాయి. అప్పుడు అతుకులతో పని జరగదు, ఆ భాగం మట్టి దించి మళ్లీ చేయాల్సిందే. కొత్తగా వేసేవాళ్లు మట్టి పోయకముందే 48 గంటలు నీళ్లు నిలిపి చూసుకోవాలి.

స్లాబ్ వంగినట్టుంది, కింద పగుళ్లు

ఇది తోట సమస్య కాదు, బరువు సమస్య. తడిసిన ఎర్రమట్టి 10 సెం.మీ. మందాన చదరపు మీటరుకు 160 నుంచి 200 కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే మామూలు పైకప్పు స్లాబ్‌కు లెక్కలో తీసుకునే అదనపు బరువు 150 కిలోలే. జాలీ మూసుకుపోయి 10 సెం.మీ. నీళ్లు నిలిస్తే ఇంకో 100 కిలోలు. కింద జనాన్ని ఖాళీ చేయించి, నీళ్లు తీసేసి, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. ఆయన చూసేదాకా మొక్కల గురించి మాట్లాడొద్దు.

తుపాను తర్వాత మూలల్లో మట్టి లేచిపోయింది

గాలి స్లాబ్‌ను పైకి లాగేది మూలల్లో, అంచుల్లో ఎక్కువ. అక్కడ మొక్కలు వద్దు, అరమీటరు వెడల్పున బరువైన పలకలు పరవండి. గోడ ఫ్రేములు మామూలు ఇనుమువైతే కాకినాడ గాలికి తుప్పు చారలు కారతాయి. గాల్వనైజ్డ్ ఫ్రేము, స్టెయిన్‌లెస్ బోల్టులు వాడండి. తుపాను హెచ్చరిక రాగానే వదులు కుండీలు దించడం వాచ్‌మన్ పనుల్లో రాయించండి.

దోమలు: కింది నీటి తొట్టికి జల్లెడ మూత బిగించండి. పిట్టగోడలో రావి మొక్క: కోసి వదిలేస్తే రెట్టింపుగా చిగురిస్తుంది. పసిగా ఉన్నప్పుడే వేరుతో సహా తీయండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా పడమటి గోడ మీదే, లేదా ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వేడిగాలి కొట్టే చోటే మాడుతుంటే అప్పుడు మొక్క మార్చండి. యూనిట్ గాలిని పక్కకు తిప్పించడం ఇంకా చవక. పడమటికి సింగోనియం, మనీప్లాంట్ వద్దు. రియో, పోర్టులాక, డ్యురాంటా తట్టుకుంటాయి. షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చిన రోజే ఎండ గోడకెక్కిస్తే ఏ రకమైనా మాడుతుంది. నర్సరీకి ఆర్డరిచ్చేటప్పుడే రెండు మూడు వారాలు ఆరుబయట ఉంచి పంపమని చెప్పండి.