కెమెరాకి మెమరీ కార్డు, బ్యాటరీ, చార్జర్ ఎలా ఎంచుకోవాలి?

కెమెరా కొనే ముందు రోజుల తరబడి రివ్యూలు చూస్తాం. మెమరీ కార్డు, అదనపు బ్యాటరీ దగ్గరికొచ్చేసరికి మాత్రం షాపులో ఏది చేతికిస్తే అది బిల్లులో వేయించుకుని వచ్చేస్తాం. తీరా పెళ్లిలో తలంబ్రాల వేళకి వీడియో రికార్డింగ్ దానంతటదే ఆగిపోతుంది, లేదా బ్యాటరీ గుర్తు ఎర్రగా కొట్టుకుంటుంది. ఆ క్షణం మళ్లీ రాదు. ఈ టెన్షన్ లేకుండా ఉండాలంటే కొనేటప్పుడు ప్యాకెట్ మీద పెద్దగా అచ్చేసిన అంకెని వదిలేసి, దాని పక్కన చిన్నగా ఉన్నవి చదవాలి.

1. ముందు మీ కెమెరాకి ఏం కావాలో రాసుకోండి

బ్యాటరీ బయటికి తీసి, దాని లేబుల్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కెనాన్ 1500డీ అయితే ఎల్‌పీ-ఈ10, 7.4 వోల్టులు, 860 ఎంఏహెచ్ (బ్యాటరీలో పట్టే చార్జ్ కొలత) అని కనిపిస్తుంది. సోనీ జెడ్‌వీ-ఈ10లో ఉండేది ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50. పేర్లు దగ్గరగా ఉన్నాయని పొరబడొద్దు. ఎల్‌పీ-ఈ10, ఎల్‌పీ-ఈ12, ఎల్‌పీ-ఈ17 మూడూ వేర్వేరు, ఒకదాని బదులు ఇంకొకటి పనిచేయదు. జెడ్‌వీ-ఈ10కి తర్వాత వచ్చిన రెండో మోడల్‌లో కూడా బ్యాటరీ మారిపోయింది.

తర్వాత మాన్యువల్‌లో మెమరీ కార్డుల పేజీ తెరవండి. రెండు విషయాలు చూస్తే చాలు: కార్డుకీ కెమెరాకీ మధ్య డేటా నడిచే దారి యూహెచ్‌ఎస్-1 వరకేనా, ఇంకా వేగమైన యూహెచ్‌ఎస్-2 కూడా ఉందా? మీరు తీయబోయే వీడియోకి ఏ క్లాసు (కనీస రాసే వేగం) కార్డు అడుగుతోంది?

2. కార్డు మీద చిన్న అంకె చూడండి

ఉదాహరణకి సాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్ ప్రో 128 జీబీ కార్డు తీసుకోండి. దాని మీద పెద్దగా 200 ఎంబీ అని ఉంటుంది. అది సెకనుకి చదివే వేగం, అంటే కార్డులోంచి కంప్యూటర్‌కి కాపీ చేసుకునేటప్పటిది. అదీ ఆ కంపెనీ సొంత రీడర్ వాడితేనే వస్తుంది. మామూలు యూహెచ్‌ఎస్-1 దారిలో గరిష్ఠ వేగం 104 ఎంబీ మాత్రమే. కెమెరాకి కావలసింది రాసే వేగం. ఎంత ఇబ్బందిలోనైనా ఇంతకి తగ్గను అని కార్డు ఇచ్చే హామీ వేరే గుర్తుల్లో ఉంటుంది. ఇంగ్లిష్ సీ అక్షరం లోపల 10 ఉంటే సెకనుకి కనీసం 10 ఎంబీ, యూ అక్షరం లోపల 3 ఉంటే కనీసం 30 ఎంబీ, వీ30 అన్నా అదే 30. వీ60, వీ90 అంటే 60, 90.

ఇప్పుడు మీ వీడియోకి ఎంత కావాలో లెక్క వేద్దాం. జెడ్‌వీ-ఈ10లో 4కే వీడియో గరిష్ఠంగా సెకనుకి 100 మెగాబిట్లు రాస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 8తో భాగిస్తే 12.5 ఎంబీ. అంటే వీ30 కార్డు హాయిగా సరిపోతుంది. నిమిషానికి 750 ఎంబీ చొప్పున 64 జీబీ కార్డులో 80 నిమిషాల పైచిలుకు పడుతుంది. వీ90 కార్డు కొన్నా ఈ కెమెరాలో వీడియో ఇంకా బాగా రాదు. యూహెచ్‌ఎస్-2 కార్డుకి వెనకాల రెండో వరుస పిన్నులు ఉంటాయి. కెమెరా స్లాట్‌లో వాటిని అందుకునే ఏర్పాటు లేకపోతే ఆ కార్డు మామూలు వేగంతోనే పనిచేస్తుంది, పెట్టిన డబ్బు దండగ. పక్షులూ ఆటలూ తీసేవాళ్లు, రా ఫైళ్లు (కెమెరా మెరుగులు దిద్దకుండా దాచే ముడి ఫొటోలు) వరసగా టకటకా కొట్టేవాళ్లు మాత్రం, కెమెరాకి ఆ స్లాట్ ఉంటే, యూహెచ్‌ఎస్-2 మీద ఖర్చు పెట్టొచ్చు. అక్కడ తేడా బాగా తెలుస్తుంది.

ఏ1, ఏ2 గుర్తులు ఫోన్లలో యాప్‌ల కోసం. కెమెరాకి వాటితో పని లేదు.

ఎంత సైజు కొనాలి? నా మాట అయితే, 128 జీబీ ఒక్కటి కాదు, 64 జీబీవి రెండు. చిన్న కెమెరాల్లో ఒకటే స్లాట్ ఉంటుంది. ఆ ఒక్క కార్డు పాడైతే పెళ్లంతా పోతుంది. రెండు కార్డులుంటే ముహూర్తం ఒకదాంట్లో, విందు ఇంకోదాంట్లో ఉంటుంది. ఫొటోలు మాత్రమే తీసేవాళ్లకి 32 జీబీ కూడా తక్కువేం కాదు. 24 మెగాపిక్సెల్ రా ఫొటో 25, 30 ఎంబీ ఉన్నా వెయ్యికి అటూఇటూగా పడతాయి.

3. కొన్న రోజే కార్డుని పరీక్షించండి

ఈ పని దయచేసి వాయిదా వేయొద్దు. నకిలీ కార్డులు మార్కెట్లో బోలెడు. లోపల 8 జీబీ మాత్రమే ఉండి, కంప్యూటర్‌కి మాత్రం 128 జీబీ అని చెప్పేలా తయారు చేస్తారు. మొదట్లో అన్నీ బాగానే కనిపిస్తాయి. అసలు చోటు నిండాక తీసిన ఫొటోలు మాత్రం తెరుచుకోవు. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో, లైనక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. అవి కార్డుని చివరిదాకా నింపి, తిరిగి చదివి, తేడా ఉంటే చెప్పేస్తాయి. పెద్ద కార్డుకి గంట పైనే పట్టొచ్చు, పట్టనివ్వండి. తేడా వస్తే రిటర్న్ గడువు లోపలే వెనక్కి ఇచ్చేయొచ్చు. 64 జీబీ కార్డు కంప్యూటర్‌లో 59 జీబీ చిల్లర అని చూపిస్తే కంగారుపడొద్దు, అది లెక్కపెట్టే పద్ధతిలో తేడా మాత్రమే.

పరీక్ష అయ్యాక కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, కంప్యూటర్‌లో కాదు. కార్డ్ రీడర్ యూఎస్‌బీ 3 ది తీసుకోండి. పాత యూఎస్‌బీ 2 రీడర్‌తో ఎంత మంచి కార్డైనా నత్తనడకే.

4. బ్యాటరీ: ఎక్కువ ఎంఏహెచ్ చూసి మురిసిపోవద్దు

కంపెనీ బ్యాటరీ ఖరీదు ఎక్కువే. వేరే బ్రాండ్లవి కొనడం తప్పేమీ కాదు. కానీ ఎల్‌పీ-ఈ10 సైజులోనే ఉండి 1500 ఎంఏహెచ్ అని రాసి ఉంటే నమ్మకండి. కెనాన్ 860 పట్టించిన డబ్బాలో దాదాపు రెట్టింపు పట్టదు. వాట్ అవర్ల (బ్యాటరీలోని మొత్తం శక్తి) అంకె కూడా చూడండి. వోల్టులని యాంపియర్ అవర్లతో (ఎంఏహెచ్‌ని 1000తో భాగిస్తే వచ్చేది) గుణిస్తే అది రావాలి: 7.4ని 0.86తో గుణిస్తే 6.4. లేబుల్ మీద రెండు అంకెలూ పొసగకపోతే పక్కన పెట్టేయండి.

మన దేశంలో అమ్మే లిథియం బ్యాటరీలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద ఐఎస్ 16046 అనీ, ఆర్‌తో మొదలయ్యే నంబరూ ఉండాలి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది.

ఉబ్బిన బ్యాటరీని ఎప్పుడూ బలవంతంగా కెమెరాలోకి తొయ్యకండి. లోపల ఇరుక్కుంటే కెమెరా విప్పించాల్సి వస్తుంది. ఎండాకాలం కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం, ఎండలో షూటింగ్ కాగానే వేడిగా ఉన్నప్పుడే చార్జింగ్ పెట్టడం రెండూ మానుకోవాలి. నెలల పాటు వాడకపోతే సగం చార్జ్‌తో, చల్లటి చోట దాచండి.

5. చార్జర్

1500డీకి యూఎస్‌బీతో చార్జింగ్ ఎక్కదు, విడి చార్జరే దిక్కు. జెడ్‌వీ-ఈ10 లాంటివి టైప్-సీ కేబుల్‌తో కెమెరాలోనే ఎక్కించుకుంటాయి. ఈఓఎస్ ఆర్ లాంటి కొన్నింటికి మాత్రం యూఎస్‌బీ పవర్ డెలివరీ (టైప్-సీ ద్వారా ఎక్కువ పవర్ పంపే పద్ధతి) ఉన్న చార్జరే కావాలి, పాత ఫోన్ చార్జర్ పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. కెమెరాలోనే ఎక్కినా, రెండు బ్యాటరీలు ఒకేసారి పట్టే విడి చార్జర్ ఒకటి కొనుక్కోమంటాను. కెమెరా చేతిలో ఉండగానే రెండో బ్యాటరీ గోడ దగ్గర నిండుతుంది.

అమెరికా నుంచి అన్నయ్య తెచ్చిన చార్జర్‌ని ఇక్కడ పెడితే కాలిపోతుందేమోనని చాలామందికి భయం. వెనకాల ఇన్‌పుట్ దగ్గర 100-240 వోల్టులు అని ఉంటే నిశ్చింతగా పెట్టొచ్చు. ప్లగ్ పిన్ మార్చే చిన్న ముక్క చాలు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. విమానంలో వచ్చేవాళ్లకి మాత్రం ఒక మాట ముందే చెప్పండి: విడి బ్యాటరీలు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి సంచిలోనే తేవాలి. లోహపు కాంటాక్టుల మీద టేపు అంటించి, ఒక్కోటి ఒక్కో కవర్లో వేసుకుంటే సరిపోతుంది.