ఈమ్యాక్స్ టైమర్లు: పదింటికి రావాల్సిన రిమైండర్ పదిన్నరకు వస్తోందా?

ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో, చెప్పిన సమయానికి ఒక ఫంక్షన్‌ని నడిపేదే టైమర్. దానితో సమస్య ఏదైనా సరే, ముందు ఎం-ఎక్స్ (ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కి) లిస్ట్-టైమర్స్ కొట్టి చూడండి. ఈ ఒక్క పని చేయకుండా ఇనిట్ ఫైల్ (ఈమ్యాక్స్ తెరవగానే చదివే సెట్టింగ్స్ ఫైల్) మొత్తం తిరగరాసేవాళ్లే ఎక్కువ. ఈ కమాండ్ మామూలుగా డిసేబుల్ అయి ఉంటుంది, నిజంగా నడపాలా అని అడుగుతుంది. స్పేస్ నొక్కండి. ఏ ఫంక్షన్ ఎన్నిసార్లు ఉందో, మళ్లీ ఎప్పుడు నడుస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

ఒకే రిమైండర్ రెండు మూడు సార్లు వస్తోంది

ఇనిట్ ఫైల్‌ని ఇవాల్యుయేట్ చేసిన (అంటే మళ్లీ నడిపిన) ప్రతిసారీ కొత్త టైమర్ పుడుతుంది, పాతది పోదు. లిస్టులో అదనంగా ఉన్న వరుస మీద సీ నొక్కి తీసేయండి. టైమర్ పెట్టే లైనుకు పైన క్యాన్సిల్-ఫంక్షన్-టైమర్స్ (ఆ ఫంక్షన్ పాత టైమర్లన్నీ తీసేసేది) కూడా రాసుకోండి.

మోడ్ లైన్‌లో (విండో అడుగున ఉండే వరుసలో) పెట్టుకున్న గడియారం ఆలస్యంగా మారుతోంది

టైమర్ పెట్టే ఫంక్షన్ రన్-ఎట్-టైమ్‌కి నిల్ (ఇప్పుడే మొదలుపెట్టమని), 60 (ఎన్ని సెకన్లకోసారి నడవాలో) ఇచ్చి ఉంటారు. 9:14:37కి మొదలైతే ఇక ప్రతి నిమిషం 37వ సెకనుకే మారుతుంది. నిల్ తీసేసి టీ పెట్టండి, 60 గుణిజాల మీద, అంటే సరిగ్గా నిమిషం మారేటప్పుడు నడుస్తుంది.

టీ పెట్టినా, 3600 సెకన్ల (గంట) టైమర్ అరగంట తేడాతో వస్తోంది

మనవాళ్లు బాగా ఇబ్బంది పడేది ఇక్కడే. టీ ఇచ్చినప్పుడు ఈమ్యాక్స్ లెక్కపెట్టేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లను. ఆ క్షణానికి ఇండియాలో ఉదయం 5:30. అక్కడి నుంచి 3600 చొప్పున వేసుకుంటూ పోతే 6:30, 7:30, ఇలా ఎప్పుడూ అరగంట మీదే పడుతుంది. 86400 (ఒక రోజు) ఇస్తే అర్ధరాత్రి జరగాల్సింది పొద్దున 5:30కి జరుగుతుంది. డాలస్‌లో ఉన్న ఫ్రెండ్ కాన్ఫిగ్ తెచ్చుకుంటే గంటల టైమర్ అక్కడ చక్కగా నడుస్తుంది, ఎందుకంటే యూటీసీతో వాళ్ల తేడా నిండు గంటల్లో ఉంటుంది. హైదరాబాద్‌లో మాత్రం తప్పుతుంది. చాలామంది టైమ్‌జోన్‌ని అనుమానించి సెట్టింగ్స్ మార్చేసి, బాగున్న సిస్టమ్‌ని కూడా పాడుచేసుకుంటారు. దయచేసి దాని జోలికి వెళ్లొద్దు. తేడా ప్రతిసారీ సరిగ్గా 30 నిమిషాలే అయితే కారణం ఇదే.

3600 బదులు 1800 పెట్టండి. అప్పుడు గంటకీ, అరగంటకీ కూడా వస్తుంది. ఫంక్షన్ మొదట్లోనే స్థానిక సమయంలో నిమిషాలు ఎన్నో చూసి, 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఏమీ చేయకుండా ఆగిపోయేలా రాయండి. సరిగ్గా 00 ఉందా అని చూడకండి: ఈమ్యాక్స్ వేరే పనిలో ఉండి ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆ గంట రిమైండర్ పోతుంది. నేపాల్‌లో ఉంటే 5:45 తేడా కాబట్టి 900 కావాలి, నిమిషం 15 లోపు ఉందా అని చూడాలి.

తర్వాతి గంటకు ఎన్ని సెకన్లుందో లెక్కగట్టి ఇచ్చే పద్ధతీ ఉంది, నేను వద్దంటాను. రాత్రి 8 గంటలు స్లీప్‌లో ఉన్న ల్యాప్‌టాప్ తెరవగానే బాకీపడ్డ రిమైండర్లన్నీ వరసగా వచ్చిపడతాయి (బాకీపడ్డవి ఎన్నింటి వరకు నడపాలో చెప్పే టైమర్-మ్యాక్స్-రిపీట్స్ విలువ మామూలుగా 10, ఇక్కడ బాకీ 8 మాత్రమే). టీతో పెట్టినదైతే, కొత్త వెర్షన్లలో ఒకసారి నడిచి మళ్లీ గుణిజం మీదకి సర్దుకుంటుంది.

ఈమ్యాక్స్ తెరవగానే రిమైండర్ వచ్చేస్తోంది

రన్-ఎట్-టైమ్‌కి "10:00" అని స్ట్రింగ్ ఇచ్చి, పది దాటాక తెరిస్తే వెంటనే నడుస్తుంది. అది దాని పద్ధతే. ఇవేవీ కాకపోతే సిస్టమ్ గడియారమే తప్పుగా ఉండొచ్చు, లైనక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి చూడండి. అది చాలా అరుదు.