మళ్లీ సైకిలెక్కుదామనుకునే పెద్దవాళ్లకు: పదిహేను వేల లోపు ఏది కొనాలి

బడిరోజుల్లో తొక్కిన సైకిలుకీ, ఇప్పుడు దుకాణం ముందు వరసగా నిలబెట్టినవాటికీ పోలికే ఉండదు. ముందొక షాకర్, వెనకొక షాకర్, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, 21 గేర్లు, ఇంత లావు టైర్లు. ధర అడిగితే పదకొండు వేలంటారు. అంత సరంజామా ఆ ధరకు ఎలా వచ్చిందంటే, కంటికి కనబడని ప్రతి భాగంలోనూ కోత పడింది కాబట్టే. బేరింగుల్లో, రిమ్ముల్లో, ఇరుసులో, బ్రేకు కేబుళ్లలో. పైన పటారం, లోన లొటారం. పదిహేను వేల లోపు కొనేవాళ్లకు పనికొచ్చే లెక్క ఒకటే: హంగులు ఎంత తగ్గితే అదే డబ్బుకు చక్రాలూ బ్రేకులూ అంత మంచివి వస్తాయి.

చేతిలో ఉన్న మొత్తమంతా సైకిలు మీదే పెట్టేయకండి. హెల్మెట్, తాళం, ముందూ వెనకా లైట్లు, గాలి పంపు, పంక్చర్ సామాను కలిపి రెండున్నర నుంచి మూడు వేలు అవుతాయి. కాబట్టి మీ బడ్జెట్ పదిహేను వేలైతే సైకిలు పన్నెండు వేల దగ్గర చూసుకోవాలి. సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పాత స్టాకు మీద పాత ఎంఆర్‌పీ అట్టే అతికించి ఉంటే, బేరానికి ముందే బిల్లులో పన్ను ఎంత వేస్తారో అడగండి.

ముందు దారి, తర్వాత సైకిలు

కృష్ణా, గోదావరి డెల్టాలో కాలవగట్ల మీద, ఊరి రోడ్ల మీద పొద్దున్నే పది కిలోమీటర్లు తొక్కేవాళ్లకు గేర్లతో పని లేదు. గేర్లు లేని సైకిలే హాయి. తెగే కేబుల్ ఉండదు, చైనును ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే డెరైలర్‌ను సర్దాల్సిన పని ఉండదు, చైనుకు నూనె వేస్తే చాలు. విశాఖలో ఉంటే కథ వేరు. బీచ్ రోడ్డు దాటి ఊళ్లోకి మళ్లగానే ఎత్తు మొదలవుతుంది, కైలాసగిరి, సింహాచలం వైపయితే చెప్పనే అక్కర్లేదు. హైదరాబాదూ రాతి పీఠభూమి మీది ఊరే. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో గేర్లు లేకపోతే దిగి తోసుకోవడమే. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ నున్నగానే ఉంటుంది. అయినా ఇంటి నుంచి అక్కడికి చేరే దారిని బట్టే సైకిలు ఎంచుకోవాలి.

గేరు లెక్క ఇలా చూడండి. మామూలు సింగిల్ స్పీడులో ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉంటే, 26 అంగుళాల చక్రం పెడల్ ఒక్క చుట్టుకు సుమారు 5 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 18 కిలోమీటర్లు. చదును నేల మీద ఇది చక్కటి వేగం. అదే సైకిలుతో గట్టి ఎత్తు ఎక్కితే భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. ముందు 28, వెనక 28 పళ్లు ఉన్న గేరులో చుట్టుకు 2 మీటర్లే పోతుంది, ఎత్తుల్లో కావలసింది అదే. అందుకని ఎన్ని గేర్లని అడగొద్దు, ముందు అతిచిన్న పళ్ల చక్రమెంత, వెనక అతిపెద్దదెంత అని అడగండి. రెండూ సమానంగా ఉన్నా, వెనకది పెద్దదైనా చాలు. 7 గేర్లున్నా ఎత్తులు ఎక్కేయొచ్చు. 21 అని రాసి ఉన్నవాటిలో సగం ఒకదానితో ఒకటి కలిసిపోయేవే.

సైజు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. దుకాణంలో "26 సైజు", "29 సైజు" అంటే చక్రం కొలత. మీకు కావలసింది ఫ్రేమ్ సైజు, అది వేరు. చక్రం 29 అయినా ఫ్రేమ్ పొట్టివాళ్లకు సరిపోయేది ఉండొచ్చు, 26 అయినా పొడుగువాళ్లది ఉండొచ్చు.

ఇంట్లోనే కాలు కొలుచుకుని వెళ్లండి. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడి, లావు పుస్తకం ఒకటి రెండు కాళ్ల మధ్య సీటులా పైకి గట్టిగా నొక్కి పట్టుకోండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా ఎన్ని సెంటీమీటర్లో ఇంకొకరిచేత కొలిపించండి. దుకాణంలో సీటుకు ముందు, కడ్డీకి అటూ ఇటూ కాళ్లేసి నిలబడితే కడ్డీకీ మీకూ మధ్య కనీసం మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ఉరామరికగా చెప్పాలంటే ఐదడుగుల మూడు అంగుళాల నుంచి ఐదడుగుల ఏడు దాకా 16, 17 అంగుళాల ఫ్రేమ్, అక్కడి నుంచి ఐదడుగుల పదకొండు దాకా 18, 19. కడ్డీ వెనక్కి బాగా వాలి ఉండే ఫ్రేముల్లో ఈ ఖాళీ ఒక్కటే చూస్తే చాలదు. సీటు మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మోచేతులు కాస్త వంగి ఉండాలి. చేతులు బిగుసుకుపోయి, భుజాలు చెవుల దాకా లేస్తున్నాయంటే ఆ ఫ్రేమ్ మీకు పొడుగు.

సీటు ఎత్తుకు పాత ఉపాయమే నమ్మదగ్గది. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు పూర్తిగా సాగాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది, అంతే కావాలి. కొలతలో అయితే, కాలి పొడవును 0.88తో హెచ్చించండి. కాలు 78 సెంటీమీటర్లుంటే పెడల్ కాడలు రెండూ కలిసే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా దాదాపు 68 నుంచి 69 సెంటీమీటర్లు రావాలి. ఈ ఎత్తులో కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనవు, మునివేళ్లే తగులుతాయి. చాలాకాలం తర్వాత ఎక్కేవాళ్లు భయపడి సీటు దించేసుకుంటారు. పదిరోజుల్లో మోకాలిచిప్ప ముందు నొప్పి మొదలవుతుంది, తప్పు సైకిలు మీదికో వయసు మీదికో పోతుంది. మొదటి వారం రెండు మూడు సెంటీమీటర్లు దించుకుని, అలవాటయ్యాక పెంచండి. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు జరిగి దిగడం నేర్చుకుంటే నేల అందడం లేదన్న బెంగ పోతుంది. సీటు గొట్టం మీద అడ్డగీత ఉంటుంది. అది ఫ్రేమ్ పైకి కనబడేంతగా లాగాల్సి వస్తే ఫ్రేమ్ మీకు చిన్నదని అర్థం. అలా తొక్కితే గొట్టం వంగుతుంది, లేదా ఫ్రేమే పగులుతుంది.

దేని మీద డబ్బు పెట్టాలి

దుకాణానికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకోండి. రిమ్ముకు అంటుకుంటే స్టీలు, లేకపోతే అల్యూమినియం. రబ్బరు బ్రేకులున్న సైకిలుకు స్టీలు రిమ్ము ఉంటే వానలో బ్రేకు పట్టదు, తడిసిన స్టీలు మీద రబ్బరు జారిపోతుంది. ఒక్క ఈ కారణంతోనే ఆ సైకిలు వదిలేయొచ్చు. ఫ్రేముకు అయస్కాంతం అంటుకుంటే మాత్రం కంగారు లేదు. స్టీలు ఫ్రేమ్ ఒకటి రెండు కిలోలు ఎక్కువ తూగినా, విరిగితే ఏ వెల్డింగు షాపులోనైనా అతుకు వేయించుకోవచ్చు. అల్యూమినియానికి ఆ వీలు తక్కువ.

ఈ ధరలో డిస్క్ కన్నా వీ-బ్రేకులే, అంటే రిమ్మును రెండు పక్కలా రబ్బర్లతో పట్టేవే నయం. చవక డిస్క్ బ్రేకులో ఒకవైపు ప్యాడ్ మాత్రమే కదిలి, చక్రం మధ్య ఉండే డిస్కు పళ్లేన్ని రెండోవైపుకు వంచుతుంది. పళ్లెం కాస్త వంగినా తొక్కినంతసేపూ సుయ్ సుయ్‌మని రాసుకుంటుంది. వీ-బ్రేకు రబ్బర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, అలెన్ కీ ఒక్కటుంటే ఇంట్లోనే మార్చుకోవచ్చు.

షాకర్ల సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. చవక షాకర్ లోపల ఉండేది ఉత్త స్ప్రింగే, కుదుపును అణిచే ఏర్పాటు ఉండదు. లేచి నిలబడి తొక్కితే మీ బలంలో కొంత దాన్ని నొక్కడానికే పోతుంది. మామూలు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగం) కన్నా అది కిలోకు పైగా బరువు కూడా. వెనక షాకర్ ఉన్నది ఈ ధరలో అసలు వద్దు. గుంతల రోడ్డుకు మందు లావైన టైరు: 26 × 1.95 (అంగుళాల్లో) గానీ, 700 × 38 (మిల్లీమీటర్లలో) గానీ. గాలి సరిగ్గా ఉంటే ఎనభై కిలోల మనిషిని ఆ టైర్లే మెత్తగా మోస్తాయి.

తొంభై కిలోలు దాటినవాళ్లు వెనక చక్రం మీద ప్రత్యేకంగా కన్నేయాలి. 36 చువ్వలు, రెండు గోడల రిమ్ము అడగండి. చవక గేరు సైకిళ్లలో వెనక పళ్ల గుత్తి హబ్బుకు, అంటే చక్రం నడిమి భాగానికి, మరతో బిగించిన ఫ్రీవీలు. అది చోటు ఆక్రమించడం వల్ల కుడివైపు బేరింగు ఇరుసు చివరకు దూరంగా, లోపలికి ఉండిపోతుంది. ఆ ఖాళీలో ఇరుసు మీద భారం పడి ముందు వంగుతుంది, తర్వాత విరుగుతుంది. చక్రం ఊడదీసినప్పుడు ఇరుసును వేళ్లతో తిప్పితే దాని కొన ఊగుతోందంటే వంగినట్టే.

మడ్‌గార్డుకూ క్యారియర్‌కూ ఫ్రేమ్ మీద మర రంధ్రాలున్నాయో లేదో కూడా చూసుకోండి. ఇవి లేని సైకిలు మీద వానాకాలం వీపంతా బురద చారే. కూరగాయల సంచీ భుజాన వేలాడేసుకోవాల్సిందే.

పాతది కొంటే

ఆరువేలకు దొరికే పాత సైకిలు పన్నెండు వేల కొత్తదాని కన్నా బాగుండొచ్చు. ఎంతోమంది కొని, నాలుగుసార్లు తొక్కి బాల్కనీలో పెట్టేసినవే బేరానికి వస్తాయి. పగటిపూట వెళ్లి చూడండి. ముందు బ్రేకు నొక్కి పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిల్ మెడ దగ్గర టక్కు టక్కుమంటే అక్కడి గోళీలు వదులు. పెడల్ కాడలు రెండూ పట్టుకుని అడ్డంగా ఊపితే కదలకూడదు. చక్రం ఎత్తి తిప్పి, బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు చూడండి. రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఊగితే బెండు తీయిస్తే పోతుంది. రిమ్ము నొక్కుపడి ఉంటే మార్చాల్సిందే.

చైనుకు స్కేలు పెట్టండి. ఒక పిన్ను మధ్యలో సున్నా ఉంచితే, కొత్త చైనులో దాని తర్వాత 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గరికి వస్తుంది. అంగుళంలో పదహారో వంతు జరిగితే చైను మార్చే వేళ అయింది. ఎనిమిదో వంతు జరిగితే వెనక పళ్లూ అరిగిపోయుంటాయి, రెండూ కలిపి మార్చాలి. ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి.

ఫ్రేములో హ్యాండిల్ మెడ కింద, గొట్టాలు కలిసేచోట వేలితో తడమండి. పెయింటు ముడతలు పడినా, సన్నటి గీత కనిపించినా ముందునుంచి గుద్దుకున్న సైకిలది. ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. సీటు గొట్టం పైకీ కిందకీ కదులుతుందో లేదో చూడండి. తుప్పుతో బిగుసుకుపోతే మీ ఎత్తుకు సర్దుకోలేరు. పెడళ్ల ఇరుసు కింద చెక్కిన ఫ్రేమ్ నంబరు బిల్లులోనిదే కావాలి. బిల్లు లేకపోతే అమ్మినట్టు ఒక కాగితం రాయించుకుని నంబరు వేయించండి, దొంగసైకిలైతే రేపు ఇబ్బంది మీకు. కొన్నాక ఎలాగూ ఒకసారి ఓవరాయిలింగ్ చేయించాలి, ఆ డబ్బు పక్కన పెట్టుకోండి.

బిగింపు

ఆన్‌లైన్‌లో తెప్పించుకునేది 85 శాతం బిగించే వస్తుందంటారు. ప్రాణం ఉండేది ఆ మిగిలిన పదిహేనులోనే. ఫోర్కు వెనక్కి తిరిగి ఉండగానే హ్యాండిల్ బిగించేయడం తరచూ జరిగే తప్పు. ఫోర్కు కాళ్ల వంపు ముందుకు ఉండాలి, వీ-బ్రేకు అయితే ముందు బ్రేకు ఫోర్కుకు ముందుపక్కన కనబడాలి. ఎడమ పెడల్‌కు మర తిరగబడి ఉంటుంది, అపసవ్యంగా తిప్పితేనే బిగుస్తుంది. పెడళ్ల మీద ఎల్, ఆర్ అని ఆంగ్ల అక్షరాలుంటాయి. కుడిది ఎడమకు పెట్టి స్పానరుతో బలవంతం చేస్తే అల్యూమినియం కాడలో మర చెడిపోతుంది, కాడ మొత్తం మార్చాలి. మొదటి రెండు మూడు చుట్లు చేత్తోనే తిరగాలి. ఏ చేతి లివరు ఏ బ్రేకుదో కదలకుండా నిలబడి నొక్కి చూసుకున్నాకే రోడ్డెక్కండి.

మొదటి 50 కిలోమీటర్లకు పెడల్ కాడల బోల్టులు మళ్లీ బిగించాలి. కొత్తవి వదులవడం మామూలే. పట్టించుకోకపోతే కాడ చతురస్రపు రంధ్రం గుండ్రమైపోయి ఎంత బిగించినా నిలవదు. వంద కిలోమీటర్లకు చువ్వలు సర్దుకుంటాయి, కేబుళ్లు సాగినట్టవుతాయి. కొన్నచోటే ఉచిత సర్వీసు ఉంటే అప్పుడే వాడుకోండి, ఆరునెలల దాకా దాచుకోవద్దు.

గాలి సంగతి. మోటారు సైకిలుకుండే రకం వాల్వు ఉంటే పెట్రోలు బంకులో కొట్టించుకోవచ్చు. కానీ అక్కడి కంప్రెసరు సైకిలు ట్యూబును రెండు క్షణాల్లో నింపేస్తుంది, కొంచెం కొంచెంగా కొట్టమనండి. టైరు పక్కన పీఎస్‌ఐలో (గాలి ఒత్తిడి కొలత) అంకె అచ్చువేసి ఉంటుంది, దాన్ని మించొద్దు. 700 × 38 టైరుకు, ఎనభై కిలోల మనిషికి 50 నుంచి 60 సరిపోతుంది. తొక్కినా తొక్కకపోయినా ట్యూబులోంచి గాలి మెల్లగా దిగుతూనే ఉంటుంది. వారానికోసారి బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా తగిలిన టైరుతో గుంతలో పడితే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పంక్చర్ షాపులో ఆ రెండు చిల్లుల జత కనబడితే అది మేకు చేసిన పని కాదు, గాలి తక్కువై వచ్చిందే.