ఒక కన్నే ముందుకు వస్తుంటే: కంటి గూటి ఎముక గడ్డలు, సమస్య - పరిష్కారం

సమస్య: నొప్పి లేదు, ఎరుపు లేదు, కానీ ఒక కన్ను ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ముందుకో కిందికో జరుగుతోంది.

ఇంత నెమ్మదిగా వచ్చే మార్పు రోజూ చూసే ఇంటివారికి తెలియదు. పెళ్లి ఫోటో, పాత ఆధార్ కార్డు పక్కన పెట్టి పోల్చి చూడండి. మనిషిని కూర్చోబెట్టి, తల కాస్త వెనక్కి వాల్చి, వెనుక నిలబడి నుదుటి మీదుగా కిందికి చూస్తే, ఏ కనుగుడ్డు కనుబొమను దాటి వచ్చిందో తేలిపోతుంది. ఆసుపత్రిలో హెర్టెల్ పరికరంతో కొలిచినప్పుడు రెండు కళ్లకూ తేడా 2 మిల్లీమీటర్లు దాటితే కారణం వెతకాల్సిందే. ఒక దిక్కుకు చూసినప్పుడల్లా చూపు మసకబారి, మళ్లీ వస్తుంటే అసలు ఆలస్యం చేయకూడదు.

కారణం: పెద్దవారిలో కన్ను ముందుకు రావడానికి ఎక్కువగా కనిపించే కారణం థైరాయిడ్ కంటి జబ్బు; అది ఒక కంటికే రావచ్చు కనుక ముందు ఆ రక్తపరీక్ష చేయించాలి. సాధారణంగా గడ్డ ఎటు ఉంటే దానికి ఎదురు దిక్కుకు కన్ను జరుగుతుంది కాబట్టి, కిందికీ బయటికీ జరిగిన కంటిని చూడగానే నుదుటి సైనస్‌లోనో (ఎముకలోని గాలి గది) ముక్కు పక్కనున్న ఎత్మాయిడ్ సైనస్‌లోనో పుట్టిన ఆస్టియోమాను, అంటే క్యాన్సర్ కాని ఎముక గడ్డను, అనుమానించాలి.

నిర్ధారణకు మొదట కావలసింది సీటీ స్కాన్. ఆస్టియోమా చాలావరకు గట్టి ఎముకలా తెల్లగా, స్పష్టమైన అంచులతో కనిపిస్తుంది. ఫైబ్రస్ డిస్‌ప్లేసియా (మామూలు ఎముక స్థానంలో పీచులాంటి ఎముక పెరిగే జబ్బు) గరుకు గాజులా మసకగా, అంచు తెలియకుండా పక్క ఎముకలో కలిసిపోతుంది. ఆస్టియోమాలు ఒకటికి మించి ఉంటే గార్డ్‌నర్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు కావచ్చు. పెద్దపేగులో పాలిప్స్ (లోపలి పొర మీద పెరిగే చిన్న కండలు) ఉన్నాయేమో తప్పక చూడాలి, ఎందుకంటే అవి క్యాన్సర్‌గా మారతాయి.

పరిష్కారం: ఇబ్బంది పెట్టని చిన్న ఆస్టియోమాను కోయనవసరం లేదు, కొంతకాలానికోసారి స్కాన్‌తో గమనిస్తే చాలు. చూపు తగ్గడం, వస్తువులు రెండుగా కనబడటం, సైనస్ దారి మూసుకుపోవడం వంటివి ఉంటే శస్త్రచికిత్స అవసరం. గడ్డ ఉన్న చోటును బట్టి ముక్కులోంచి ఎండోస్కోప్‌తోనో, బయటి కోతతోనో వెళ్తారు. గడ్డను పట్టి లాగితే కంటి గూటి గోడ, మెదడు పొర చిరిగే ప్రమాదం ఉంది. అందుకే ముందు డ్రిల్లుతో లోపలంతా తొలిచి, గుల్ల చేసి, మిగిలిన పలుచని పెంకును మెల్లగా విడదీస్తారు. పుర్రె అడుగును ఆనుకున్న గడ్డకు కంటి, ముక్కు, మెదడు సర్జన్లు కలిసి పనిచేయడం మేలని నా గట్టి అభిప్రాయం.

ఫైబ్రస్ డిస్‌ప్లేసియా సంగతి వేరు. కంటినరం దారి ఇరుకైనట్టు స్కాన్‌లో కనిపించినా, చూపు బాగున్నంతకాలం ముందుజాగ్రత్త పేరుతో ఆపరేషన్ చేయకూడదు. ఆ ఆపరేషన్ వల్లే చూపు పోవచ్చు.

ఆపరేషన్ తర్వాత డాక్టరు చెప్పేవరకు ముక్కు చీదకూడదు. ముక్కులోంచి నీళ్లలాంటి పలుచని ద్రవం కారితే అది మెదడు నీరు కావచ్చు. కంట్లో నొప్పి పెరుగుతూ చూపు మసకబారితే వెనుక రక్తం చేరుతోందని అర్థం చేసుకుని, అర్ధరాత్రయినా సరే, తెల్లవారేదాకా ఆగకుండా సర్జన్‌ను పిలవండి.