డాబా మీద షేడ్ క్లాత్ ఊడిపోకుండా

బెజవాడ ఎండకి డాబా మీద షేడ్ క్లాత్ కడితే, సాయంత్రం గాలికి మూల రింగు ఊడొచ్చేది. తాడుతో పిట్టగోడ మేకులకి కట్టడం నా తెలివితక్కువ. ఇటుకకి అంత పట్టు ఉండదు.

ఈసారి పిల్లర్ల కాంక్రీటులో 10 ఎంఎం హుక్ యాంకర్ బోల్టులు వేయించాను. గుడ్డ మూలకీ హుక్కుకీ మధ్య జానెడు ఖాళీ వదిలి, అక్కడ టర్న్‌బకిల్ (తిప్పితే రెండు కొసల్నీ దగ్గరకి లాగి బిగించే మర) పెట్టాను. ఎదురెదురు మూలలు కొద్దికొద్దిగా బిగించాలి. ఒకేవైపు లాగితే ముడతలు పడి గాలికి టపటపా కొట్టుకుంటుంది, చిరిగేది అక్కడే. 12 అడుగుల గుడ్డకి ఒక మూల 2 అడుగులు కిందికి ఉంటే వాన నీళ్లు నిలవవు. వారానికి కాస్త సాగుతుంది, మళ్లీ రెండు చుట్లు తిప్పండి.

తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం ఇదేదీ ఆగదు, గుడ్డ విప్పేయండి. టర్న్‌బకిల్ మరలకి ముందే గ్రీజు రాయకపోతే అప్పుడు కదలవు.