క్లినిక్ ముందు బల్ల – నాలుగో పాఠం: ‘చనిపోలేదండీ, కోసేశాం’

ఈసారి అపాయింట్‌మెంట్ పుస్తకం గీసుకోవడం నేర్పుతానని చెప్పాను. అది కాస్త ఆగాలి. పశువైద్య క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోను ఎత్తే మీకు, పోయిన పాఠంలో, బర్డ్ ఫ్లూ రోజుల్లో పక్షిని తీసుకొస్తామని ఫోను చేసేవారిని అడగవలసిన అయిదు ప్రశ్నలు ఇచ్చాను. మీరు రాసి పంపిన అనుభవాలు చదివితే, సగం మంది మూడో ప్రశ్న దగ్గరే బోల్తా పడ్డారు. తప్పు మీది కాదు, ప్రశ్నది. ఆ ప్రశ్న రాసింది నేనే.

‘ఈమధ్య మీ ఇంట్లో పక్షులేమైనా చనిపోయాయా?’ అని అడగమన్నాను. మీరు అడిగారు. ‘లేదండీ’ అన్నారు. మీరు రమ్మన్నారు. ఒకచోట గంపలో వచ్చిన నాటుకోడి, బడ్జీల (చిన్న పెంపుడు చిలకల) పంజరం పక్కన ఇరవై నిమిషాలు కూర్చుంది. లోపల డాక్టరు గారు కదిలించి అడిగితే తేలిందేమిటంటే, ఆ ఇంట్లో వారం రోజుల్లో తొమ్మిది కోళ్ళు తగ్గాయి. ‘చనిపోలేదండీ, కునుకుతుంటే కోసేశాం’ అందట కోడిని తెచ్చిన ఆవిడ.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. మన ఊళ్ళలో కోడి చనిపోవడం వేరు, కోడిని కోయడం వేరు. ఇక దక్కదు అనిపించగానే కత్తి తీస్తారు. చచ్చాక పనికిరాదు కాబట్టి. మీ ప్రశ్నకు ఆవిడ సరైన జవాబే చెప్పింది. ఇకపై చావు మాటే ఎత్తకండి. లెక్క అడగండి:

‘పది రోజుల క్రితం మీ దగ్గర ఎన్ని ఉండేవి? ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? మిగతావి ఏమయ్యాయి?’

ఈ వరుసలోనే అడగాలి. ముందే ‘ఏమయ్యాయి’ అంటే అవతలి మనిషి జాగ్రత్త పడతాడు. అంకె చెప్పడానికి ఎవరూ జంకరు. రెండు అంకెలు నోటివెంట వచ్చాక తేడాను దాచడం కష్టం.

‘అల్లుడు వచ్చాడండీ, నాలుగు కోశాం’ అంటారు. ఒక్క అల్లుడికి నాలుగు కోళ్ళా? అడగండి, నవ్వుతూనే అడగండి. ‘సంతలో అమ్మేశాం’ అంటే ఏ వారం, ఏ సంత అని పుస్తకంలో రాసుకోండి. రేపు పశుసంవర్ధక శాఖ వారికి అదే కావాలి. పావురాలు పెంచేవారు ‘ఎగిరిపోయాయి’ అంటారు. ఒకటి రెండయితే నమ్మవచ్చు. పందెం పుంజుల వారితో మరో చిక్కు. ‘ఏడు ఉండేవి, ఏడూ ఉన్నాయి’ అని ధీమాగా చెబుతారు. డేగ, కాకి, నెమలి అంటూ రంగులతో సహా అప్పజెబుతారు. పెట్టలు ఆ లెక్కలోకి రావు! ‘పెట్టలు, పిల్లలు కలిపి ఎన్ని?’ అని విడిగా అడగాలి. నేను రెండుసార్లు మోసపోయాక నేర్చుకున్నది ఇది.

బాతుల దగ్గర మాత్రం ఈ లెక్క అక్కరకు రాదు. బాతు ఈ వైరస్‌ను మోస్తూ కూడా పైకి నిక్షేపంగా కనిపించవచ్చు. రెండు వందలకు రెండు వందలూ ఉన్నాయంటే సంతోషించకండి. కోత కోసిన చేలల్లో మేపారా, కొల్లేరు వంటి చోట వలస పక్షులు దిగే నీళ్ళలోకి వదిలారా అని అడగండి.

అపార్ట్‌మెంటులో ఒక్క కాకటీల్‌ను (జుట్టున్న చిన్న పెంపుడు చిలకను) పెంచేవారికి లెక్కతో పనిలేదు. వారిని ఒకటే అడగండి: ‘మీ ఇంటికి రోజూ వచ్చేవారిలో ఎవరింట్లోనైనా కోళ్ళు ఉన్నాయా?’ పనిమనిషిని అనుమానిస్తున్నట్టు మాత్రం వినిపించకూడదు.

చాలామంది అడిగిన మరో మాట: ‘అనుమానం ఉంటే డాక్టరు గారే చూసి తేలుస్తారు కదా, మేము ఆపడం ఎందుకు?’ చూసి తేల్చలేరు కాబట్టి. మెడ వంకర, పచ్చటి విరేచనాలు కోళ్ళకు వచ్చే కొక్కెర తెగులు (రాణిఖేత్)లోనూ ఉంటాయి, బర్డ్ ఫ్లూలోనూ ఉంటాయి. జుట్టు నీలంగా మారడం, ముఖం వాయడం చూస్తే అనుమానం బలపడుతుందే తప్ప నిర్ధారణ కాదు. అది భోపాల్‌లోని అత్యున్నత భద్రతా ప్రయోగశాలలో జరగాలి. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్ళ నమూనాలు వెళ్ళింది అక్కడికే. మీ బల్ల మీదికి ఆ కోడి వస్తే జబ్బు తేలదు, బల్ల మాత్రం పాడవుతుంది. చచ్చిన కోడిని మీ దగ్గర కోసి చూడటం అసలే వద్దు.

కాబట్టి లెక్కలో తేడా వచ్చి, కారణం సరిగ్గా చెప్పకపోతే రమ్మనకండి. ‘పక్షిని కదపవద్దు, కోయవద్దు, కాలువలో పడేయవద్దు, ఇప్పుడే ఊరి పశువైద్యశాలకు గానీ పశువైద్య సేవల నంబరు 1962కి గానీ ఫోను చేయండి’ అని చెప్పండి. ఎదుటివారికి భయం ఉంటుంది. వ్యాధి తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల పక్షులను చంపేస్తారు, పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంటుంది. ఇది వారికీ తెలుసు, అందుకే దాస్తారు. వారికి తెలియనిది ఒకటుంది: పరిహారం అధికారులు చంపిన పక్షులకే వస్తుంది, ముందే చచ్చినవాటికి రాదు. ఈ ఒక్క మాట చెప్పండి, మీ ఉపన్యాసం కంటే బాగా పనిచేస్తుంది.

గదుల సంగతి క్లుప్తంగా. చేతి తొడుగులు, మాస్కు గురించి చెప్పను, మీకు తెలుసు. కోళ్ళు, పంజరం పక్షులు ఒకే పూట వద్దు. పక్షి ఆటోలోనే ఉండాలి, మనిషే ముందు లోపలికి రావాలి. పక్షులకు నేను రోజులో చివరి సమయమే ఇస్తాను; తర్వాత కడుగుకోవడానికి తీరిక ఉంటుంది. కడగడం అంటే ముందు సబ్బు నీళ్ళు, ఆ తర్వాతే బ్లీచింగ్. రెట్ట మీద బ్లీచింగ్ పోస్తే దాని బలమంతా రెట్టకే సరిపోతుంది. వచ్చినవారి ఊరు, తేదీ, పక్షుల లెక్క పుస్తకంలో రాయండి. కంప్యూటర్ ఉన్నా నాకు పుస్తకమే ఇష్టం, కరెంటు పోయినా తెరుచుకుంటుంది.

పిల్లులు వస్తే కూడా పచ్చి కోడిమాంసం పెట్టారా అని అడగండి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో పెంపుడు పిల్లుల్లోనూ ఈ వైరస్ దొరికింది.

అభ్యాసం: పోయిన నెలలో మీ దగ్గరికి పక్షిని తెచ్చిన పది ఇళ్ళకు ఫోను చేయండి. కొత్త ప్రశ్న అడిగి, అప్పట్లో వారు ఇచ్చిన జవాబు పక్కనే రాయండి. పదీ పూర్తిచేయాలి, మూడు చేసి ఆపకండి. తర్వాత ఈ ఫోనుకు మీ జవాబు రాసి పంపండి:

‘నమస్కారమండీ, మా పుంజు రెండు రోజుల నుంచి మేత ముట్టడం లేదు. ఇంకేమీ చనిపోలేదండీ. మొన్న పది ఉండేవి, ఇప్పుడు ఆరు. మా అక్క వాళ్ళకు మూడు ఇచ్చాం. బయలుదేరిపోయాం, దారిలోనే ఉన్నాం.’