సముద్ర జీవశాస్త్ర ప్రయోగాలు – 4వ పాఠం: జంతుప్లవకాల లెక్క

కిందటి పాఠంలో వల సిద్ధం చేసుకున్నాం: మూతి వ్యాసం 50 సెం.మీ., జాలి కన్ను 200 మైక్రాన్లు. ఇప్పుడు ఘనమీటరు నీటిలో కోపీపాడ్లు (జంతుప్లవకాల్లో, అంటే నీటితో కొట్టుకుపోయే చిన్న జంతువుల్లో, రొయ్య కోవకు చెందినవి) ఎన్నో తేలుద్దాం. వైవాలో ముందు అడిగేది ఈ అంకె ఎలా వచ్చిందనే.

వలలోకి వచ్చే నీటిని కొలిచే ఫ్లో మీటరును మూతికి సరిగ్గా నడిమధ్యన కాకుండా, నడిమికీ అంచుకీ మధ్యలో కట్టండి. గాలికి కూడా దాని రోటరు (తిరిగే రెక్క) తిరుగుతుంది కాబట్టి రీడింగు వల దించే ముందు ఒకసారి, పైకి తీయగానే ఒకసారి రాసుకోండి. పడవ వేగం 2 నాట్లు (గంటకు సుమారు 3.7 కి.మీ.) దాటకూడదు. దాటితే మెత్తని జీవులు జాలికి ఒత్తుకుని చితికిపోతాయి.

విశాఖ తీరంలో అసలు చిక్కు వసంతంలో వస్తుంది. అడుగునీరు పైకి రావడాన్ని 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ పరిశీలించింది ఇక్కడే. ఆ నీటితో వచ్చే పోషకాలతో డయాటమ్‌లు (ఏకకణ శైవలాలు) విపరీతంగా పెరిగి జాలి కన్నులు పూడ్చేస్తాయి. నీరు వలలోకి రాకుండా పక్కలకు తప్పుకుంటుంది. ఫ్లో మీటరు లేకుండా పడవ వెళ్లిన దూరాన్ని బట్టి లెక్కిస్తే నీటి పరిమాణం ఎక్కువగా, జీవుల సాంద్రత తక్కువగా వస్తుంది. పది నిమిషాలు ఒకేసారి లాగేకంటే మూడేసి నిమిషాలు రెండుసార్లు లాగడం మేలు.

వలను బయటి వైపు నుంచే కడగాలి. మూతిలో నీళ్లు పోస్తే, ఆ నీటి జీవులూ లెక్కలో చేరతాయి. నమూనా కుళ్లకుండా 450 మి.లీ.కు 50 మి.లీ. అంగడి ఫార్మలిన్ కలపండి (చేతికి గ్లవ్స్, గాలి ఆడే చోటు తప్పనిసరి). ఫార్మలిన్‌లో ముందే బోరాక్స్ వేసి, అడుగున కాస్త కరగకుండా మిగిలేలా ఉంచాలి. లేకపోతే ఫార్మలిన్‌లోని ఆమ్లానికి టెరోపాడ్ల (ఈదే చిన్న నత్తల) సున్నపు గుల్లలు కరిగిపోతాయి. సీసాలో జీవులు కిక్కిరిసి ఉండకూడదు. లేబుల్ పెన్సిల్‌తో రాసి లోపలే వేయండి. బాల్‌పెన్ సిరా ఫార్మలిన్‌లో నిలవదు.

ఇక లెక్క. జనరల్ ఓషియానిక్స్ కంపెనీ 2030 మోడల్ ఫ్లో మీటరు, మామూలు రోటరు అయితే ఒక్కో కౌంటుకు (రీడింగు ఒకటి పెరిగితే) నీరు సాగిన దూరం 0.026873 మీటర్లు. రెండు రీడింగుల తేడా 12,000 కౌంట్లయితే 322.5 మీ.; వల మూతి వైశాల్యం 0.1963 చ.మీ.తో గుణిస్తే సుమారు 63.3 ఘనమీటర్లు. నమూనాను ఫాల్సమ్ స్ప్లిటర్‌లో (నమూనాను రెండు సమభాగాలు చేసే పరికరం) ఆరుసార్లు సగం చేస్తే మిగిలేది 64వ వంతు. అందులో 310 కోపీపాడ్లు కనిపిస్తే, 310 × 64 ÷ 63.3, అంటే ఘనమీటరుకు దాదాపు 313.

పగటి, రాత్రి నమూనాలను ఒకే పట్టికలో కలపకండి. చాలా జాతులు చీకటి పడ్డాక పైకొస్తాయి.

వచ్చే పాఠం: ఆడ, మగ కోపీపాడ్లను ఐదో జత కాళ్లను బట్టి గుర్తించడం.